తెర దాకా అక్షరం ప్రయాణం

పాఠ్యభాగ పరిచయం

శాస్త్ర సాంకేతిక విషయాలను సామాన్య పాఠకులకు అర్థమయ్యేటట్లు తెలియజెప్పే రచన వివరణాత్మక వ్యాసం. ఇందులో వర్ణన కంటే కారణ కార్య సంబంధానికి, అభిప్రాయం కంటే లెక్కకు ప్రాధాన్యం ఉంటుంది. విడిభాగాలతో కూర్చుకొన్న కంప్యూటరుకు అధిక స్పష్టత గల మానిటరును జతచేసినప్పుడు కలిగే చిక్కులు, వాటికి కారణాలు, పరిష్కార మార్గాలు ఈ పాఠంలో వివరించబడ్డాయి. తెలుగు అక్షరం తెరమీద తేటగా కనిపించడానికి ఏమేమి అవసరమో తెలుసుకోవడం, ఒక వస్తువును కొనేముందు దాని వెనుక ఉన్న వ్యవస్థను పరిశీలించే అలవాటును అలవరచుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరపు తూర్పు దిక్కున, విజయవాడ వైపు సాగే ప్రధాన రహదారి వెంబడి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరుసగా నెలకొని ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలకూ, విద్యార్థుల వసతి గృహాలకూ పేరుపొందిన ప్రాంతం. పోటీ పరీక్షలకు చదివేవారు, కంప్యూటరు విద్య నేర్చేవారు నానా జిల్లాల నుండి వచ్చి ఇక్కడ నివసిస్తారు. పూర్వ భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలసిన ఎల్.బి.నగర్‌కు 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చింది. ఆ రైలులో బయలుదేరి అమీర్‌పేటలో మార్గం మారితే ప్యారడైజ్ స్టేషనుకు చేరవచ్చు. అక్కడికి సమీపంలో, సికింద్రాబాదులోని పార్క్‌లేన్ ప్రాంతంలో, కంప్యూటరు విడిభాగాల విక్రయానికి ప్రసిద్ధి చెందిన చినాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది.

మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్ మొదలైన భాగాలను వేర్వేరుగా ఎంచుకొని ఒకటిగా కూర్చిన కంప్యూటరును వాడుకలో అసెంబుల్డ్ కంప్యూటర్ అంటారు. అవసరానికి తగిన భాగాలనే తీసుకోవచ్చు. డబ్బు చేతికి వచ్చినప్పుడు ఒక్కొక్క భాగాన్నీ మార్చుకోవచ్చు. మధ్యతరగతి విద్యార్థులు దీనివైపు మొగ్గు చూపడానికి ఈ సౌకర్యమే కారణం. అయితే ఇందులో ఒక బాధ్యత కూడా ఇమిడి ఉంది. ఒకే సంస్థ తయారుచేసి అమ్మే కంప్యూటరులో భాగాలన్నీ ఒకదానికొకటి సరిపోయేటట్లు చూసే పని ఆ సంస్థది. అసెంబుల్డ్ కంప్యూటరులో ఆ పని కొనుగోలుదారుది.

ఈ బాధ్యత ఎంత ముఖ్యమైనదో మానిటరు విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. పాత మానిటరు స్థానంలో 4కె మానిటరును తెచ్చి పెట్టిన వెంటనే అక్షరాలు అద్దంలో వలె మెరుస్తాయని ఎవరైనా ఆశిస్తారు. కాని కొన్నిసార్లు అక్షరాలు మసకగా కనిపిస్తాయి. మౌసు బాణం ఆగి ఆగి కదులుతుంది. తెర ఉన్నట్టుండి నల్లబడి మళ్లీ వెలుగుతుంది. అప్పుడు మానిటరునే తప్పుపట్టి దానిని మార్చడానికి పూనుకొంటారు. నిజానికి చాలా సందర్భాలలో లోపం మానిటరులో ఉండదు. మానిటరు దాకా చిత్రం వచ్చే దారిలో ఉంటుంది. ఆ దారిని తెలుసుకొంటే సొమ్ము, కాలం రెండూ మిగులుతాయి.

చుక్కల లెక్క

మానిటరు తెర అతి చిన్న చుక్కల సముదాయం. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలు ఉంటాయి. వాటి వెలుగు పాళ్లను మార్చడం ద్వారా అన్ని రంగులూ ఏర్పడతాయి. తెర వెడల్పులో ఎన్ని చుక్కలు, ఎత్తులో ఎన్ని చుక్కలు ఉన్నాయో తెలిపే సంఖ్యే రిజల్యూషన్.

1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో వెడల్పున 640, ఎత్తున 480 చుక్కలు ఉండేవి. మొత్తం 3,07,200. తరువాతి కాలంలో ఇంటింటా కనిపించిన 1024, 768 చుక్కల తెరలో ఈ సంఖ్య 7,86,432కు పెరిగింది. ఫుల్ హెచ్.డి. తెరలో వెడల్పున 1920, ఎత్తున 1080 చొప్పున 20,73,600 చుక్కలు ఉంటాయి. క్వాడ్ హెచ్.డి. తెరలో 2560, 1440 చొప్పున 36,86,400 చుక్కలు ఉంటాయి. 4కె తెరలో వెడల్పున 3840, ఎత్తున 2160 చొప్పున 82,94,400 చుక్కలు ఉంటాయి. అనగా 4కె తెర నాలుగు ఫుల్ హెచ్.డి. తెరలకు సమానం. కంప్యూటరు చేయవలసిన పని కూడా దాదాపు నాలుగింతలవుతుందని ఇక్కడే గ్రహించాలి.

చుక్కల సంఖ్య ఒక్కటే స్పష్టతను నిర్ణయించదు. అవి ఎంత దగ్గరగా అమరి ఉన్నాయన్నది ప్రధానం. 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు పడతాయి. అదే రిజల్యూషన్ గల 27 అంగుళాల తెరలో 82 మాత్రమే పడతాయి. కనుక తెర పెద్దదైనా అక్షరం తేటదనం తగ్గుతుంది. 27 అంగుళాల 4కె తెరలో ఈ సంఖ్య సుమారు 163.

మానవ నేత్రానికి కూడా ఒక హద్దు ఉంది. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వేరు చేసి చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణానికి సరిపోయే కొలత సుమారు 0.17 మిల్లీమీటరు. 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరలో ఒక్కొక్క చుక్క పరిమాణం సుమారు 0.28 మిల్లీమీటరు, కాబట్టి దగ్గర నుండి చూస్తే అక్షరాల అంచులలో మెట్లు తెలుస్తాయి. 27 అంగుళాల 4కె తెరలో చుక్క పరిమాణం 0.16 మిల్లీమీటరు, అది కంటి హద్దును దాటింది. చిన్న గదిలో గోడకు ఆనించిన బల్ల ముందు కూర్చొని చదివే విద్యార్థికి తెర సమీపంగానే ఉంటుంది కాబట్టి ఈ తేడా అతనికి స్పష్టంగా అనుభవంలోకి వస్తుంది.

తెలుగు లిపి - తెర

ఈ తేడా తెలుగు చదువరికి మరింత ముఖ్యమైనది. ఆంగ్ల అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. తెలుగు అక్షరం పక్కకే కాక పైకి, కిందికి కూడా విస్తరిస్తుంది. పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో సకారం, తావత్తు, రావత్తు, గుడిదీర్ఘం అన్నీ ఇమడాలి.

సాధారణంగా చదివే 12 పాయింట్ల అక్షరానికి అంగుళంలో ఆరో వంతు ఎత్తు ఉంటుంది. అంగుళానికి 96 చుక్కలు గల తెరమీద దానికి దక్కేవి 16 చుక్కలు. ఆ పదహారింటిలోనే గుడికి, అక్షరానికి, వత్తుకు చోటు పంచాలి. ‘అర్థము’ అంటే భావం లేదా ధనం; ‘అర్ధము’ అంటే సగం. ఈ రెండు మాటలకు భేదం రకారం కింద చేరిన వత్తులోనే ఉంది. థకారానికి పొట్టలో చుక్క, ధకారానికి అడుగున చిన్న గీత. అంత చిన్న వత్తులో ఆ చుక్కకూ ఆ గీతకూ ఒక్కొక్క పిక్సెల్ దక్కడమే కష్టం. ‘దార’ అంటే భార్య, ‘ధార’ అంటే ప్రవాహం. ఇక్కడ కూడా ఒక్క గీతే అర్థాన్ని మారుస్తుంది. అంగుళానికి 192 చుక్కలు గల తెర అయితే అదే ఎత్తుకు 32 చుక్కలు లభిస్తాయి. అప్పుడు గీత గీతగా, చుక్క చుక్కగా నిలుస్తాయి. వ్యాకరణం చదివే విద్యార్థికీ, అచ్చుతప్పులు దిద్దే వ్యక్తికీ ఇది అలంకారం కాదు, అవసరం.

తెలుగు అక్షరాన్ని తెరమీదికి తెచ్చే పనిలో సాఫ్ట్‌వేరు పాత్ర కూడా ఉంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు ప్రత్యేక స్థానాలు కేటాయించబడ్డాయి. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరింది. తక్కువ చుక్కలు గల తెరలమీద అక్షరాల అంచులను నునుపుగా చూపడానికి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడివిడిగా వెలిగించే ఉపాయాన్ని కూడా అందులో ప్రవేశపెట్టారు. ఇది ఉపాయమే తప్ప చుక్కల కొరతను పూర్తిగా తీర్చేది కాదు. అసలైన పరిష్కారం చుక్కలు పెరగడమే.

చెరువు - తూము - చివరి మడి

చుక్కలు పెరిగితే చాలునా? వాటికి సమాచారం అందాలి. ఈ విషయాన్ని గ్రహించడానికి ఒక పోలిక ఉపకరిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌కు ఎల్.బి.నగర్‌కు సమీపంలో కుతుబ్‌షాహీల నాటి సరూర్‌నగర్ చెరువు ఉంది. నగరం ఇటువైపు విస్తరించక పూర్వం అది సేద్యానికి నీరందించింది. ఏ చెరువు కింద సేద్యమైనా ఒకటే నియమం. చెరువు నిండా నీరున్నా తూము ఇరుకైతే కాలువకు నీరు చాలదు. తూము వెడల్పైనా కాలువ పూడిపోతే చివరి మడి ఎండుతుంది. రైతు చివరి మడిలో నిలబడి మడిని తిట్టడు. కాలువ వెంట తూము దాకా నడిచి చూస్తాడు. కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు చెరువు వంటివి. కార్డు వెనుక ఉన్న పోర్టు తూము వంటిది. కేబుల్ కాలువ. మానిటరు చివరి మడి.

ఈ కాలువలో ఎంత ప్రవాహం ఉండాలో లెక్క కట్టవచ్చు. ఒక్కొక్క చుక్క రంగును తెలపడానికి సాధారణంగా 24 బిట్లు కావాలి. తెరమీది చిత్రం సెకనుకు 60 సార్లు కొత్తగా గీయబడుతుంది. దీనినే 60 హెర్ట్జ్ రిఫ్రెష్ రేటు అంటారు. ఫుల్ హెచ్.డి. తెరకు 20,73,600 చుక్కలను 24తోను, 60తోను హెచ్చిస్తే సెకనుకు సుమారు 299 కోట్ల బిట్లు అవుతాయి. క్వాడ్ హెచ్.డి.కి 531 కోట్లు. 4కె తెరకు 1,194 కోట్లు. పంక్తుల మధ్య విరామాలకు మరికొంత కలుపుకోవాలి.

ఇప్పుడు తూముల వెడల్పు చూడాలి. 2009లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 1.4 పద్ధతిలో చిత్రానికి దక్కే ప్రవాహం సెకనుకు సుమారు 816 కోట్ల బిట్లు. 2013లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 2.0లో 1,440 కోట్లు. 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2లో 1,728 కోట్లు. 2016లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.4లో 2,592 కోట్లు. 2017లో ప్రకటించిన హెచ్.డి.ఎం.ఐ. 2.1 వీటన్నిటికంటె వెడల్పైనది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆగి ఆగి కదిలే మౌసు బాణం రహస్యం బయటపడుతుంది. 1,194 కోట్ల బిట్లు 816 కోట్ల తూములో పట్టవు. అందువల్ల కంప్యూటరు సెకనుకు 60 చిత్రాలకు బదులు 30 చిత్రాలనే పంపుతుంది. ప్రవాహం 597 కోట్లకు తగ్గి తూములో ఇముడుతుంది. కాని ఒక చిత్రానికి మరొక చిత్రానికి మధ్య ఎడం 16.7 మిల్లీసెకన్ల నుండి 33.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. చేతి కదలికకు తెర వెనుకబడినట్లు తోచడానికి ఇదే కారణం.

సాంకేతిక చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2001లో ఐ.బి.ఎం. సంస్థ టి220, టి221 అనే మానిటర్లను తెచ్చింది. 22.2 అంగుళాల తెరమీద వెడల్పున 3840, ఎత్తున 2400 చొప్పున 92,16,000 చుక్కలు. అంగుళానికి 204. అంత సూక్ష్మమైన తెర తయారైంది గాని ఆనాటి కేబుల్ ఒక్కటి దానికి చాలలేదు. టి221కు నాలుగు అనుసంధానాలను జోడించినా చిత్రం సెకనుకు 41 సార్లే మారేది. మడి సిద్ధమైనా కాలువ సిద్ధం కాలేదన్నమాట. తెర ఎంత గొప్పదైనా దారి ఇరుకైతే ఫలితం దక్కదని ఆ మానిటరు నిరూపించింది.

దారిలోని అడ్డంకులు

అసెంబుల్డ్ కంప్యూటరులో తరచుగా ఎదురయ్యే మొదటి పొరపాటు కేబుల్‌ను తప్పు పోర్టుకు తగిలించడం. క్యాబినెట్ వెనుక మదర్‌బోర్డుకు చెందిన పోర్టులు ఒకచోట, గ్రాఫిక్స్ కార్డుకు చెందిన పోర్టులు వేరొకచోట ఉంటాయి. కార్డు కొని కూడా కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు తగిలిస్తే కార్డు శక్తి పూర్తిగా వినియోగం కాదు. ప్రాసెసరులోనే చిత్రాలను గీసే ఏర్పాటు లేకపోతే తెర అసలే వెలగదు. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం ఉంటే ఆ ఏర్పాటు లేదని అర్థం.

రెండవది కేబుల్. చూడడానికి హెచ్.డి.ఎం.ఐ. కేబుళ్లన్నీ ఒకే విధంగా ఉంటాయి. పాత కేబుల్ ఫుల్ హెచ్.డి.ని చక్కగా మోసి, 4కె వద్ద తడబడవచ్చు. తెర క్షణకాలం నల్లబడడం, చుక్కలు చిటపటలాడడం దాని లక్షణాలు. 4కె తెరకు సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ‘ప్రీమియం హైస్పీడ్’ అని ధ్రువీకరించిన కేబుల్ తీసుకోవాలి. బల్లమీది అవసరానికి రెండు మీటర్లు చాలు. పొడవు పెరిగినకొద్దీ సంకేతం బలహీనపడుతుంది.

మూడవది మానిటరు లోపలి అమరిక. కొన్ని మానిటర్లలో పోర్టు పాత పద్ధతిలో పనిచేసేటట్లు అమర్చి ఉంటుంది. మానిటరు బొత్తాలను నొక్కి మెనూ తెరచి దానిని కొత్త పద్ధతికి మార్చాలి. ఒకే మానిటరుకు రెండు మూడు పోర్టులు ఉన్నా అన్నీ సమానమైనవి కాకపోవచ్చు. ఏ పోర్టు ఎంత మోయగలదో మానిటరుతో వచ్చే చిన్న పుస్తకంలో ముద్రించి ఉంటుంది.

నాలుగవది రంగుల పొదుపు. తూము చాలనప్పుడు కొన్ని కంప్యూటర్లు చిత్రాల సంఖ్యను తగ్గించకుండా రంగుల సమాచారాన్ని తగ్గిస్తాయి. ప్రతి చుక్కకూ వెలుగును పంపుతూ, నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగును పంపుతాయి. దీనివల్ల ప్రవాహం సగమవుతుంది. సినిమా చూసేటప్పుడు ఈ లోటు దాదాపు తెలియదు. అక్షరాలు చదివేటప్పుడు వెంటనే తెలుస్తుంది. నీలం మీద ఎర్రని అక్షరం అలుక్కుపోయినట్లు కనిపిస్తుంది. మానిటరు చెడ్డదని భ్రమపడే సందర్భాలలో ఇదొకటి. డిస్‌ప్లే అమరికలలో పూర్తి రంగుల పద్ధతిని ఎంచుకొంటే దోషం తొలగుతుంది.

అమరికలు

దారి బాగుపడిన తరువాత అమరికలను చూడాలి. మొదట రిజల్యూషన్. ప్రతి తెరకు స్వాభావికమైన రిజల్యూషన్ ఒకటే ఉంటుంది. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని 4కె తెరను తక్కువ రిజల్యూషన్‌కు మార్చడం తగదు. అట్లా చేస్తే కంప్యూటరు పంపిన ఒక్కొక్క చుక్కను మానిటరు సాగదీసి పక్క చుక్కలమీదికి పరుస్తుంది. అంచులు మసకబారతాయి. స్పష్టత కోసం చెల్లించిన వెల వృథా అవుతుంది.

అక్షరాలను పెద్దవి చేయడానికి స్కేలింగు అనే అమరిక ఉంది. 200 శాతం ఎంచుకొంటే ఒక చుక్క స్థానంలో నాలుగు చుక్కలతో అక్షరాన్ని కొత్తగా గీస్తారు. పరిమాణం పెరుగుతుంది, తేటదనం నిలుస్తుంది. 27 అంగుళాల 4కె తెరకు 150 శాతం చాలామందికి అనుకూలంగా ఉంటుంది. స్కేలింగును ఎరుగని పాత సాఫ్ట్‌వేరులో మాత్రం అక్షరాలు మసకగానే ఉండవచ్చు. అది మానిటరు దోషం కాదు.

తరువాత రిఫ్రెష్ రేటును చూడాలి. కొత్త మానిటరును తగిలించినప్పుడు కంప్యూటరు తానుగా ఎంచుకొన్న అంకె ఎల్లప్పుడూ ఉత్తమమైనది కాదు. అమరికలలో 60 గాని, మానిటరు శక్తినిబట్టి అంతకంటె ఎక్కువగాని స్వయంగా ఎంచుకోవాలి. గ్రాఫిక్స్ కార్డుకు తగిన డ్రైవరును తయారీ సంస్థ నుండి తీసుకొని స్థాపించడం ఇంతే ముఖ్యం. డ్రైవరు లేని కార్డు చిత్రాన్ని చూపగలదేమో గాని వేగంగా చూపలేదు.

ఒకే కంప్యూటరుకు పాత మానిటరును, కొత్త మానిటరును పక్కపక్కన తగిలించుకొనే వారు కూడా ఉన్నారు. ఒకదానిపై పాఠం, మరొకదానిపై అభ్యాసం. రెండు తెరల చుక్కల సాంద్రత వేరైనప్పుడు కిటికీ ఒకదాని నుండి మరొకదానికి జరిగితే పరిమాణం మారిపోతుంది. ఒక్కొక్క తెరకు విడివిడిగా స్కేలింగును నిర్ణయించే సౌకర్యం 2013లో విండోస్ 8.1తో వచ్చింది. సాంద్రత దగ్గరగా ఉన్న రెండు తెరలను ఎంచుకొంటే ఈ చిక్కు సగం తీరుతుంది.

శక్తి, వేడిమి

గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దది కావాలన్నది చేసే పనినిబట్టి ఉంటుంది. పాఠాలు చదవడం, ప్రోగ్రాములు రాయడం, వీడియో పాఠాలు చూడడం వంటి పనులకు ఇటీవలి ప్రాసెసర్లలో ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ ఏర్పాటు 4కె తెరకైనా సరిపోతుంది. అయితే అది కంప్యూటరు ర్యామ్‌నే వాడుకొంటుంది. కనుక ఒకే పెద్ద ర్యామ్ పలకకు బదులు సమానమైన రెండు పలకలను అమర్చడం మేలు. రెండు కాలువల వెంట నీరు పారినట్లు సమాచారం వేగంగా అందుతుంది. ఆటలకు, త్రిమితీయ చిత్రాలకు మాత్రం ప్రత్యేకమైన కార్డు అవసరం.

కార్డు పెద్దదైతే విద్యుత్తు కూడా ఎక్కువ కావాలి. ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లు ఉండాలో కార్డు తయారీదారులు సూచిస్తారు. నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. భారం పెరిగినప్పుడు కంప్యూటరును హఠాత్తుగా ఆపివేస్తుంది. యు.పి.ఎస్. విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 600 వి.ఎ. అని రాసి ఉన్న యు.పి.ఎస్. చాలావరకు 360 వాట్ల భారాన్నే మోయగలదు. ఎర్తింగ్ సరిగా లేని గదిలో క్యాబినెట్‌ను తాకితే చేతికి జిల్లుమనడం కద్దు. అటువంటి చోట ముందుగా ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్‌ను సరిచేయించాలి.

హైదరాబాదు వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటే రోజులు ఉంటాయి. రద్దీ రహదారి పక్కనున్న గదులలో దుమ్ము అధికం. ఆ దుమ్ము ఫ్యాన్లపై పేరుకొంటే ప్రాసెసరు, కార్డు వేడెక్కుతాయి. వేడి హద్దు మీరినప్పుడు అవి తమను తాము కాపాడుకొనడానికి వేగాన్ని తగ్గించుకొంటాయి. ఉదయం సాఫీగా పనిచేసిన తెర మధ్యాహ్నం మందగించడానికి ఇది ఒక కారణం. క్యాబినెట్‌ను గోడకు ఆనించక గాలి ఆడేటట్లు ఉంచడం, అప్పుడప్పుడు దుమ్ము తుడవడం ఖర్చులేని చికిత్సలు.

పరిశీలన క్రమం

తెరలో లోపం కనిపించినప్పుడు చివరి మడి నుండి చెరువు వైపు నడవడమే సరైన పద్ధతి. మొదట మానిటరు మెనూలోని సమాచార పుటను చూడాలి. తనకు ఏ రిజల్యూషన్‌లో, సెకనుకు ఎన్ని చిత్రాలు అందుతున్నాయో మానిటరే అందులో తెలుపుతుంది. అంకె తక్కువగా ఉంటే కేబుల్‌ను మార్చి చూడాలి. అప్పటికీ మారకపోతే పోర్టును, ఆపైన మానిటరు అమరికను, డ్రైవరును, చివరికి వేడిమిని, విద్యుత్తును వరుసగా పరిశీలించాలి. ఒకసారికి ఒక్కదానినే మార్చాలి. రెండింటిని ఒకేసారి మారిస్తే దోషం దేనిలో ఉన్నదో తేలదు. ప్రయోగశాలలో పాటించే శాస్త్రీయ పద్ధతి కూడా ఇదే.

కొనుగోలు సమయంలో కూడా ఈ క్రమం ఉపయోగపడుతుంది. తన మదర్‌బోర్డులో గాని, కార్డులో గాని ఉన్న పోర్టు ఏ తరానికి చెందినదో ముందుగా తెలుసుకొని కాగితంమీద రాసుకొని దుకాణానికి వెళ్లాలి. మానిటరును వెలిగించి తెల్లని, నల్లని పుటలమీద మచ్చలు, వెలగని చుక్కలు ఉన్నాయేమో చూడాలి. తెలుగు పుట ఒకటి తెరచి వత్తులు తేటగా ఉన్నాయో లేదో పరీక్షించాలి. రసీదుపై క్రమసంఖ్య రాయించుకొని వారంటీ ముగిసేదాకా భద్రపరచాలి.

అందరికీ 4కె మానిటరే కావాలని లేదు. పోర్టు పాతదై, దానిని మార్చే స్తోమత లేనప్పుడు క్వాడ్ హెచ్.డి. మానిటరు తీసుకోవడం వివేకం. 531 కోట్ల బిట్ల ప్రవాహం 816 కోట్ల తూములో ఇమిడిపోతుంది. ఆ పోర్టు ఈ రిజల్యూషన్‌ను పంపగలదని మదర్‌బోర్డు పుస్తకంలో చూసి నిర్ధారించుకొంటే చాలు. దుకాణంలో అన్నిటికంటె ఖరీదైన తెర కంటే, తన కంప్యూటరు నిండుగా పోషించగల తెరే ఉత్తమమైనది.

ఊరినుండి తల్లిదండ్రులు పంపిన సొమ్ముతో చదువుకొనే విద్యార్థికి ఈ విచక్షణ ఎంతో అవసరం. గంటసేపు కూర్చొని వేసిన లెక్క కొన్ని వేల రూపాయల నష్టాన్ని నివారించగలదు. రాత్రి పొద్దుపోయేదాకా తెరను చూసే కళ్లకు శ్రమ తగ్గించగలదు. అన్నిటికి మించి, ‘అర్థము’ను ‘అర్ధము’గా చదువుకొనే పొరపాటు లేకుండా అక్షరాన్ని అక్షరంగా చూపగలదు. ఏ వస్తువునైనా విడిగా కాక, అది పనిచేసే వ్యవస్థలో భాగంగా చూడడమే సాంకేతిక విద్యలో మొదటి పాఠం.

కఠిన పదాలు - అర్థాలు

సముదాయం = గుంపు, సమూహం
సాంద్రత = దట్టంగా ఉండే గుణం
సేద్యం = వ్యవసాయం
తూము = చెరువు నీటిని కాలువలోకి వదిలే ద్వారం
మడి = గట్లు గల చిన్న పొలం భాగం
స్వాభావికం = సహజమైనది
త్రిమితీయం = పొడవు, వెడల్పు, లోతు కలది
స్తోమత = శక్తి, ఆర్థిక స్థాయి
విచక్షణ = మంచిచెడ్డలను వేరుచేసి చూసే తెలివి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అధిక స్పష్టత గల మానిటరు సాఫీగా పనిచేయకపోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. చెరువు, తూము, చివరి మడి అనే పోలిక ద్వారా తెలిసే విషయాలను విశదీకరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. తెలుగు లిపికి ఎక్కువ చుక్కలు గల తెర ఎందుకు అవసరం?
2. రిజల్యూషన్‌ను తగ్గించడానికి, స్కేలింగును పెంచడానికి భేదమేమి?
3. తెరలో లోపం కనిపించినప్పుడు పాటించవలసిన పరిశీలన క్రమాన్ని తెల్పండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 4కె తెర ఎన్ని ఫుల్ హెచ్.డి. తెరలకు సమానం?
2. విండోస్ ఎక్స్‌పీలో చేరిన తెలుగు ఫాంటు పేరేమి?
3. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం దేనిని సూచిస్తుంది?
4. ‘దార’, ‘ధార’ అనే పదాలకు అర్థాలు రాయండి.